ఎవరూ తాగని సీసాలు

ఊళ్ళో అందరికీ ఆమె పెంకమ్మ. గాజుపెంకులు ఏరే షెడ్డుకు మేస్త్రి కాబట్టి ఆ పేరు పడిందని ఆమె అనుకునేది. ఒట్టి పెంకిఘటం కాబట్టి పడిందని మిగతావాళ్ళు అనుకునేవారు. రెండూ నిజమే గనుక ఎప్పుడూ తగువు రాలేదు.

షెడ్డు బస్సు డిపో వెనక ఉండేది. మూడు పక్కల రేకులు, నాలుగో పక్క గాలి. వీధి మూలల్లో పెట్టిన డబ్బాల నుంచి, ఊరు వాడి పారేసిన సీసాలు లారీలకెత్తి తెచ్చి అక్కడ పోసేవారు. వాటిని ఒక రబ్బరు బెల్టు నత్తనడకన లాక్కుపోతుంటే, అటు ముగ్గురు ఇటు ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఏరేవారు. తెల్లది ఒక తొట్టిలో, ఆకుపచ్చది ఒక తొట్టిలో, గోధుమరంగుది ఇంకో తొట్టిలో. ఇవి కాక ఒక ఇనుప డబ్బా ఉండేది. దాన్ని పాపాల డబ్బా అనేవారు. పింగాణీ కప్పు ముక్క, అద్దం ముక్క, పొయ్యి మీద పెట్టే గాజుగిన్నె ముక్క, బల్బు, అన్నీ అందులోకి. చూడటానికి ఇవన్నీ గాజుకు దగ్గరి చుట్టాల్లా ఉంటాయి గానీ, సీసాల కొలిమిలో పడితే కొంప ముంచుతాయి. చిటికెన వేలంత పింగాణీ కరక్కుండా రాళ్ళై సీసాల గోడల్లో కూర్చుంటుంది. ఆ సీసా ఒకనాడు ఎవరి చేతిలోనో ఊరికే పగులుతుంది.

పెంకమ్మకు ఈ విద్య అత్తగారి దగ్గర అబ్బింది. ఆవిడ ఆ బెల్టు పక్కన ఇరవై ఆరేళ్ళు నిలబడింది. మోకాళ్ళు మొరాయించాక కోడల్ని తన చోట నిలబెట్టి ఇంటికి పోయింది. ఇంకో ఇంట్లో అయితే అత్త కోడలికి బీరువా తాళాలు ఇచ్చేది. ఈవిడ ఒక జత తోలు గ్లౌజులు ఇచ్చింది. "కళ్ళు తర్వాత. ముందు చెవులు పెట్టు. గాజుకి గాజు తగిలితే గలగలమంటుంది. పింగాణీ తగిలితే టక్కుమంటుంది, అబద్ధాలకోరు నోరు మూసినట్టు" అని చెప్పింది. రెండేళ్ళు తిరక్కుండా పెంకమ్మ బెల్టుకు వీపు తిప్పి నిలబడి కూడా "అదిగో, ఎడం పక్క" అనేది. అక్కడ ఏదో ఒక కప్పు ముక్క ఉండేది.

ఏరిన పెంకు నది అవతల సీసాల ఫ్యాక్టరీకి పోయేది. అక్కడ ఆమె మరిది కొలిమి దగ్గర పనిచేసేవాడు. పెంకు ఎంత కలిపితే ఇసుక, సోడా, సున్నపురాయి అంత మిగులుతాయని, ఒకసారి కరిగిన సరుకు గనుక తక్కువ వేడికే దిగివస్తుందని, కొలిమి గ్యాసు తక్కువ తాగుతుందని, పొగ కూడా తగ్గుతుందని ఆదివారం భోజనాల దగ్గర అతనే చెప్పేవాడు. "వదినా, మీ లారీ వచ్చిన రోజు మా కొలిమికి జ్వరం దిగినట్టుంటుంది" అనేవాడు. పర్యావరణం అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. దానికోసం పని చేసేవాళ్ళకు దాని పేరు పెట్టి పిలిచే తీరిక లేదు.

తీరికున్నవాడు ఒకడు మునిసిపల్ ఆఫీసులో ఉన్నాడు. ప్రచార అధికారి. మనిషి మంచివాడే, చెడ్డపని తెలిసి చేసే రకం కాదు. కాకపోతే ఆయనకు ఏదైనా సరే మెరవాలి. చెత్తబండ్లు తళతళలాడాలి, మురుగుకాలవ మూతలు తళతళలాడాలి, చివరికి ఊడ్చేవాళ్ళ చీపురు కర్రలు కూడా తళతళలాడాలి. అందుకే షెడ్డులో ఆడవాళ్ళు ఆయనకు తళతళ సార్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పొగడ్త అనుకున్నాడు.

ఒక మంగళవారం ఉదయం తళతళ సార్ షెడ్డుకు వచ్చి, గుమ్మం దగ్గరే ఆగి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఈ కంపు?"

"సీసాల అడుగున మిగిలిందండీ. విరిగిన పాలు, నూనె, సారా, దగ్గుమందు. ఊరు ఏం తాగితే ఆ కంపు" అంది పెంకమ్మ.

"ఇది జనానికి ఎలా చూపిస్తాం?"

"ఎందుకు చూపించాలండీ?"

అప్పుడు బయటపడింది విషయం. పదహారు రోజుల్లో గాజు వారోత్సవం. హరిత మండలి అధ్యక్షులవారు ముఖ్య అతిథిగా వస్తున్నారు. ఈ ఊరు గాజును ఎలా కాపాడుకుంటుందో కళ్ళారా చూస్తారు. నచ్చితే ఊరికి హరిత పతకం ఇస్తారు. నచ్చకపోవడమనే ప్రశ్నే లేదు, ఎందుకంటే ఆయన చూడబోయేది షెడ్డు మధ్యలో వజ్రాల కొండలాంటి గాజు కుప్ప.

"కడిగితే మెరుస్తుందండీ. ఒక నీళ్ళ పైపు ఇప్పించండి. రెండేళ్ళ నుంచి అర్జీలు పెడుతున్నాం" అంది పెంకమ్మ.

తళతళ సార్ ఆమె వంక జాలిగా చూశాడు. "నీళ్ళు వృథా చెయ్యకూడదమ్మా. నీళ్ళ పొదుపు వారోత్సవం వేసవిలో ఉంది. ఆ ఫ్లెక్సీలు కూడా అచ్చయిపోయాయి."

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వులు దిగాయి. షెడ్డుకు రంగులు వేయాలి గనుక బెల్టు ఆపాలి. ఏరని సీసాల గుట్టను గోడ వెనక్కి నెట్టి టార్పాలిన్లు కప్పాలి. వీధుల్లో ఉన్న గాజు డబ్బాలు సొట్టలు పడి అసహ్యంగా ఉన్నాయి కాబట్టి అవన్నీ ఊడబీకి, కొత్త రంగు కోసం వర్క్‌షాపుకు పంపాలి.

"డబ్బాలు తీసేస్తే జనం సీసాలు ఎక్కడ వేస్తారు సార్?"

"ఇంట్లో దాచుకుంటారు. పదహారు రోజులేగా! ఆమాత్రం పౌర బాధ్యత ఉండదూ?"

పౌర బాధ్యత మూడు రోజులుంది. నాలుగో రోజు నుంచి సీసాలు మామూలు చెత్తతో పాటు ఊరవతల గుంటలోకి పోవడం మొదలుపెట్టాయి. పెంకమ్మ ఇంటి పక్క ఫార్మసీ ఆయన అయితే, అయిదేళ్ళుగా ఒక్క సీసా తప్పకుండా డబ్బాలో వేసినవాడు, రెండు సంచులు చెత్తబండిలో విసిరి ఆమెను చూసి తల దించుకున్నాడు. "ఏం చెయ్యనమ్మా, మా ఆవిడ గడపలోంచి తియ్యమని ఒకటే పోరు" అన్నాడు. ఆ వీధుల వాళ్ళకు డబ్బా దాకా నడిచే అలవాటు చేయడానికి పెంకమ్మ ముఠా ఇంటింటికీ తిరిగి, తిట్లు తిని, తలుపులు మొహాన వేయించుకుని ఏళ్ళు పట్టింది. దాన్ని పోగొట్టడానికి నాలుగు రోజులు చాలాయి.

ఆమె ఉండబట్టలేక మునిసిపల్ కమిషనర్ దగ్గరికి వెళ్ళింది. అందరూ పెద్దసారు అనే ఆ మనిషి అద్దం ముందు నిలబడి ప్రసంగం వల్లె వేసుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా అద్దంలోంచే విన్నాడు.

"బెల్టు ఆగితే ఫ్యాక్టరీకి పెంకు పోదు సార్. పెంకు పోకపోతే వాళ్ళు ఆ మేరకు ఇసుక కరగబెట్టుకోవాలి. మనం చేసే మేలంతా అక్కడే ఉంది సార్, కుప్పలో లేదు."

"చాలా మంచి పాయింటు" అన్నాడు పెద్దసారు. వెంటనే దాన్ని ప్రసంగంలో రాసుకున్నాడు. బెల్టు మాత్రం ఆగే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం మరిది వచ్చాడు. అత్తగారు గడపలో కూర్చుని చిరిగిన గ్లౌజు కుడుతోంది. పెంకమ్మ గిన్నెలు తోముతోంది, అవసరానికి మించి చప్పుడు చేస్తూ. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు గానీ మొహంలో కళ లేదు. కొలిమి వేడికి కనుబొమలు సగం మాడి ఉంటాయి ఆ మనిషికి. ఆ రోజు మిగతా సగం కూడా మాడినట్టున్నాడు.

"మీ పెంకు ఎందుకు రావట్లేదు వదినా? అయిదు రోజుల నుంచి ఒట్టి ఇసుకే తోస్తున్నాం. మంట పెంచాం. గ్యాసు మీటరు గిర్రున తిరుగుతోంది. మా మేనేజరు పొగగొట్టం వైపు చూడటమే మానేశాడు."

"నన్నడుగుతావేం? మా ఆఫీసును అడుగు."

"దానికి తోడు అర్జంటు ఆర్డరు ఒకటి పడింది. నలభై వేల సీసాలు. తెల్లవీ గోధుమవీ మేం చేస్తున్నాం. ఆకుపచ్చవి మా దగ్గర లేవు. ఇంకో ఫ్యాక్టరీ నుంచి లారీల్లో తెప్పిస్తున్నారు, నాలుగు వందల కిలోమీటర్లు. చిత్రం ఏంటంటే, వాటికి మూతలు అక్కర్లేదంట, లేబుళ్ళు అక్కర్లేదంట. ఏం పోస్తారో కూడా చెప్పట్లేదు."

పెంకమ్మ చేతిలో గిన్నె ఆగింది. "ఆర్డరు ఎవరిది?"

"అదే కదా అడుగుదామని వచ్చాను. మీ మునిసిపాలిటీదే. నువ్వు చెప్పు, ఏం పోస్తారు వాటిల్లో?"

ఆమెకు తళతళ సార్, వజ్రాల కొండ, ముక్కు మీద జేబురుమాలు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. తడి చేతులు కొంగుకు తుడుచుకుని గోడకు ఆనుకుంది.

"ఏమీ పొయ్యరయ్యా. పగలగొడతారు."

మరిదికి అర్థం కాలేదు. అత్తగారికి అర్థమైంది. ముందు ఆవిడ భుజాలు కదిలాయి, తర్వాత గ్లౌజు ఒళ్ళోంచి జారింది, ఆఖరికి దగ్గు వచ్చేదాకా నవ్వింది. "అంటే గాజు మిగల్చటం ఎలాగో చూపించటానికి గాజు చేయిస్తున్నారా? మన పెంకు ఆపి, ఇసుక కాల్చి, సీసా చేసి, దాన్ని పెంకు చేస్తారా? ఒరే నాయనా, చిన్నప్పుడు నువ్వు కూడా ఇంత తెలివితక్కువ పని చెయ్యలేదురా!"

పెంకమ్మ నవ్వలేదు. కొలిమికి అంత జ్వరం తెప్పించి పుట్టించిన సీసాలను తన చేతులతోనే పగలగొట్టాల్సి వస్తుందని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

అదే జరిగింది. వారోత్సవానికి అయిదు రోజులుండగా సీసాలు వచ్చాయి. ఒక్కో అట్టపెట్టెలో రెండు డజన్లు, మధ్యమధ్య అట్ట అరలు, పైన ప్లాస్టిక్ చుట్టు. షెడ్డు గోడలకు ఆకుపచ్చ రంగు ఇంకా ఆరలేదు. ఆరుగురు ఆడవాళ్ళూ పెట్టెలు విప్పి, సీసాలు తీసి, ఇనుప దూలానికేసి కొట్టడం మొదలుపెట్టారు. బెల్టు ముందు ఎన్నేళ్ళు నిలబడినా ఎవరికీ నొప్పెట్టని చేతులు ఆ పూటకే నొప్పెట్టాయి. వాళ్ళలో పొట్టిది అని పిలిచే ఒకామె, కొత్త సీసాను వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూసి, "అక్కా, దీని మెడ చూడు ఎంత ముచ్చటగా ఉందో. పాపం, ఇది ఏం చేసిందని!" అంది.

"ఏమీ చెయ్యలేదు. అదే దాని తప్పు" అంది పెంకమ్మ. "తలా నాలుగు సంచిలో వేసుకోండి. నూనెకో నీళ్ళకో పనికొస్తాయి."

నలభై వేలలో సీసాగా బతికి షెడ్డు దాటినవి ఆ ఇరవై నాలుగే.

పగలగొడుతూ కూడా ఆమె ఒక్క జాగ్రత్త తీసుకుంది. తెల్లవి ఒక మూల, గోధుమవి ఒక మూల, ఆకుపచ్చవి ఒక మూల పోయించింది. ఆటలు అయిపోయాక దీన్నైనా ఫ్యాక్టరీకి పంపవచ్చు, ఇసుక ఖర్చు కొంతైనా పూడుతుందని ఆమె లెక్క. నాలుగో రోజు తళతళ సార్ వచ్చి మూడు కుప్పలనూ చూసి బిక్కమొహం వేశాడు.

"విడివిడిగా ఏంటమ్మా, ఇసుక గుట్టల్లా! కలిపెయ్యండి. రంగులు కలిస్తేనే ఫొటోలో వస్తుంది."

"కలిపితే పనికిరాదండీ. ఆకుపచ్చది కలిసిన పెంకుతో తెల్ల సీసా చెయ్యలేరు. మూడూ కలిస్తే మురికి రంగు వస్తుంది. ఎవరూ కొనరు."

"వారం రోజులేగా. తర్వాత మళ్ళీ ఏరుకోండి."

"ఇవి సీసాలు కావండీ, వేలిగోరంత ముక్కలు. ఏరటానికి మా జన్మ చాలదు."

"అమ్మా, మీకు పనితనం ఉంది. దృష్టి లేదు" అన్నాడు ఆయన మెత్తగా, చిన్నపిల్లకు చెప్పినట్టు.

పెంకమ్మ గ్లౌజులు తీసి దూలం మీద పెట్టింది. "దృష్టి ఉన్నవాళ్ళు కలుపుకోండి. నా చేత్తో మాత్రం కలపను."

మిగతా అయిదుగురూ కూడా గ్లౌజులు తీసేశారు. తళతళ సార్ కోప్పడలేదు. ఫోను తీసి పొక్లెయిన్ పిలిపించాడు. అరగంటలో మూడు రంగులూ ఒకటయ్యాయి. అప్పుడు కూడా ఆయన మొహంలో తృప్తి లేదు. తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు. సాయంత్రానికి ఎక్కడినుంచో నాలుగు బస్తాల అద్దం ముక్కలు తెప్పించి, కుప్ప మీద తనే స్వయంగా చల్లాడు. ఎండ పడగానే కుప్ప కళ్ళు చెదిరేలా మెరిసింది. పెంకమ్మ ఇంటికి వెళ్ళి అత్తగారికి ఈ సంగతి చెప్పి, "పాపాల డబ్బా తెచ్చి నడి షెడ్డులో బోర్లించారత్తా" అని ఏడ్చింది. అత్తగారు ఈసారి నవ్వలేదు. కోడలి తల మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది.

వారోత్సవం రోజు షెడ్డు పెళ్ళిపందిరిలా ఉంది. వేదిక మీద కుర్చీలు, కుర్చీల ముందు బల్లలు, ప్రతి బల్ల మీదా చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు. గాజుసీసాలు పెడదామని ఎవరో అంటే, పగులుతాయేమోనని తళతళ సార్ వద్దన్నాడు. జనాన్ని రెండు బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టారు. ముందు వరుసలో ఆఫీసు గుమాస్తాలు నలుగురు. తళతళ సార్ చెయ్యి పైకెత్తినప్పుడల్లా చప్పట్లు అందుకోవడం వాళ్ళ పని. వాళ్ళు తానా అంటే వెనక జనం తందానా అనేవారు.

ముఖ్య అతిథి గారు వెండి సుత్తితో మొదటి సీసా పగలగొట్టి వారోత్సవం ప్రారంభించాలి. అందుకని ఒక కొత్త సీసాను ప్రత్యేకంగా దాచి ఉంచారు. ఆయన సుత్తి ఎత్తి, కెమెరాల వైపు నవ్వి, సుతారంగా ఒక్కటి వేశాడు. సీసా టింగుమంది. ఇంకొకటి వేశాడు. సీసా బల్ల మీద దొర్లి పెద్దసారు ఒళ్ళో పడింది. మరిది వాళ్ళ ఫ్యాక్టరీ సరుకు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. మూడోసారి అతిథి గారు పళ్ళు బిగించి కొట్టేసరికి వెండి సుత్తి తల ఊడి వెళ్ళి ముందు వరుస గుమాస్తా భుజానికి తగిలింది. ఆ గుమాస్తా "అబ్బా" అని చెయ్యెత్తాడు. అది సంజ్ఞ అనుకుని మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. వెనక జనం అందుకున్నారు. అలా వారోత్సవం ప్రారంభమైంది.

పెద్దసారు ప్రసంగంలో పెంకమ్మ చెప్పిన పాయింటు కూడా ఉంది. "మన మేలంతా కుప్పలో లేదు!" అని ఆయన కుప్ప వైపు చెయ్యి చూపిస్తూ గర్జించాడు. తర్వాత ఉత్తమ పెంకు కొనుగోలుదారుగా ఫ్యాక్టరీ మేనేజరుకు జ్ఞాపిక ఇచ్చారు. రెండు వారాలుగా ఒక్క కిలో పెంకు చూడని ఆ మనిషి దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పాడు. ఆ తర్వాత "క్షేత్రస్థాయి మహిళ" మాట్లాడుతుందని ప్రకటించి, పెంకమ్మ చేతిలో ఒక కాగితం పెట్టారు. అందులో మూడు వాక్యాలున్నాయి.

ఆమె మైకు ముందు నిలబడి మొదటి వాక్యం చదివింది. "నేనొక సామాన్య మహిళను." ఆగింది. "ఇది నిజమే. మిగతాది నా కళ్ళతో చూసింది చెప్తాను" అని కాగితం మడిచింది. తళతళ సార్ నవ్వు మొహం మీద అలాగే గడ్డకట్టింది.

"ఈ కుప్పలో ఉన్నవి ఎవరూ తాగని సీసాలు" అంది పెంకమ్మ. "పోయిన వారం పుట్టాయి, ఈ వారం చచ్చాయి. వీటిని చెయ్యటానికి ఇసుక తవ్వారు, గ్యాసు కాల్చారు, గాలిలోకి పొగ వదిలారు. మీరు తాగి పారేసిన సీసాలు ఆ గోడ వెనక ఉన్నాయి. కంపు కొడుతున్నాయి గానీ అవే కొలిమికి పనికొస్తాయి. ఒక్కో టన్నుకీ టన్ను పైన మట్టీ రాయీ తవ్వకుండా మిగులుస్తాయి. ఎన్నిసార్లు కరిగించినా మళ్ళీ సీసా అవుతాయి. ఇది మాత్రం అవ్వదు. మూడు రంగులు కలిపారు, పైన అద్దాలు చల్లారు. దీన్ని ఏ కొలిమీ తీసుకోదు. ఇందాకటి నుంచి మీరు చప్పట్లు కొడుతోంది చెత్తకి."

పెంకమ్మ తన ఉద్యోగం పోయిందనుకుంది. అంతలో ముఖ్య అతిథి గారు కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ తల పైకెత్తి చప్పట్లు కొట్టాడు. షెడ్డంతా మారుమోగింది. అతిథి గారు మైకు లాక్కున్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఎవరూ తాగని సీసాలు! ఎంత గొప్ప మాట! ఈ సోదరి ఒక్క మాటతో పర్యావరణాన్నీ మద్యపాన నిషేధాన్నీ కలిపేసింది! తాగకండి, పగలగొట్టండి అంటోంది. పగలగొట్టండి!"

"పగలగొట్టండి!" అన్నారు జనం.

పెంకమ్మ మడిచిన కాగితం బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంది. చెవిటివాడికి చెప్పి ఒప్పించవచ్చు గానీ, చెప్పకముందే ఒప్పుకున్నవాడికి ఏం చెప్పగలం?

విన్నవాడు ఒక్కడే, ఫ్యాక్టరీ మేనేజరు. ఆయన జ్ఞాపికను బల్ల కింద పెట్టి, వేదిక దిగి కుప్ప దగ్గరికి నడిచాడు. వంగి ఒక ముక్క తీశాడు. అద్దం. ఇంకొకటి తీశాడు. అదీ అద్దమే. మర్నాడు ఆయన నుంచి ఉత్తరం వచ్చింది: గోడ వెనక ఉన్న పాత సరుకు ఎంత వాసన వేసినా ఏరి పంపితే తీసుకుంటాం, వేదిక ముందున్న కుప్పలోంచి మాత్రం గుప్పెడు కూడా మా గేటు లోపలికి రాకూడదు.

అదే రోజు పెంకమ్మకు మెమో తయారైంది. ఇచ్చిన పాఠం కాకుండా సొంత పాఠం ఎందుకు చదివావో మూడు రోజుల్లో సంజాయిషీ చెప్పాలి. మెమో బల్ల మీద ఉండగానే పేపర్లు వచ్చాయి. "మద్యం లేని సమాజమే లక్ష్యం: క్షేత్రస్థాయి మహిళ ఉద్వేగ ప్రసంగం" అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలు. కింద ఫొటోలో కుప్ప వజ్రాల కొండలా ఉంది. పెద్దసారు ఆమెను పిలిపించి, మెమోను ఎడం చేత్తో సొరుగులోకి తోస్తూ, కుడి చేత్తో పేపరు ముందుకు జరిపాడు.

"నీ ఫొటో నాలుగు కూడళ్ళలో పెడదామనుకుంటున్నామమ్మా. పతకం కూడా ఖాయం అంటున్నారు."

పెంకమ్మకు ఆ పేపరు చించి మొహాన కొట్టాలనిపించింది. కానీ పదిహేడు రోజులుగా టార్పాలిన్ కింద మాగుతున్న సీసాలు గుర్తొచ్చాయి.

"పెట్టుకోండి సార్. రేపు పొద్దున్నకి వీధుల్లో డబ్బాలు ఉండాలి. సొట్టలతోనే ఉండనివ్వండి. ఎల్లుండికి బెల్టు తిరగాలి. ఇక ఎవరు ఏ వారం చేసుకున్నా బెల్టు ఆపకూడదు. ఇది కాగితం మీద రాసివ్వండి. నీళ్ళ పైపు కూడా."

"డబ్బాలు, బెల్టు సరే. నీళ్ళ పైపు సంగతి వేసవిలో చూద్దాం" అన్నాడు పెద్దసారు. ఆ రెండూ రాసిచ్చాడు. ఫొటో అవసరం ఆయనది.

డబ్బాలు వచ్చాయి, బెల్టు తిరిగింది. కానీ మొదటి వారం వచ్చిన లారీ సగం కూడా నిండలేదు. జనం చెత్తబండికి అలవాటు పడ్డారు. పెంకమ్మా పొట్టిదీ సాయంత్రాలు మళ్ళీ తలుపులు తట్టారు. ఫార్మసీ ఆయన మొదటి రోజే సంచి పట్టుకొచ్చాడు. మిగతావాళ్ళు "పగలగొట్టమన్నారుగా, పగలగొట్టి చెత్తలో వేశాం" అన్నారు. ఆ ఊరు మళ్ళీ పాత లెక్కకు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ మరిది ప్రతి ఆదివారం వచ్చి కొలిమి జ్వరం ఎంత ఉందో చెప్పి పోయేవాడు.

హరిత పతకం వచ్చింది. తళతళ సార్‌కు ప్రమోషన్ వచ్చి ఇంకా పెద్ద ఊరికి వెళ్ళిపోయాడు. వెళుతూ పెంకమ్మను మనసారా దీవించాడు. కుప్ప మాత్రం ఎక్కడికీ పోలేదు. ఫ్యాక్టరీ వద్దంది. రోడ్డు కింద వేస్తామంటే పతకం వచ్చిన కుప్పను రోడ్డు కింద ఎలా వేస్తారని పెద్దసారు కేకలేశాడు. దాని చుట్టూ గొలుసు కట్టించి "పునర్వినియోగ స్ఫూర్తి శిఖరం" అని బోర్డు పెట్టించాడు. షెడ్డులో మూడో వంతు అదే ఆక్రమించింది. తొట్లు బయట ఎండలో పెట్టుకోవలసి వచ్చింది.

ప్రతి బుధవారం వేరే ఊళ్ళ నుంచి అధికారులు దాన్ని చూడటానికి వచ్చేవారు. చూపించే పని కూడా పెంకమ్మకే పడింది. ఆమె వాళ్ళను శిఖరం పక్కనుంచి ఆపకుండా నడిపించుకుపోయి, బెల్టు ముందు నిలబెట్టి, తలా ఒక జత గ్లౌజులు ఇచ్చేది. "గంట సేపు ఏరండి. తర్వాత మాట్లాడుకుందాం" అనేది. చాలామంది పది నిమిషాలకే ఫోను వచ్చిందని బయటికి పోయేవారు.

ఒక బుధవారం పొరుగూరి మునిసిపల్ ఇంజనీరు వచ్చింది. నలభై దాటిన మనిషి, బరువైన బూట్లు, చేతిలో లావుపాటి పుస్తకం. ముక్కు మూసుకోలేదు. గంటా ఏరింది. ఒక కప్పు పిడి, రెండు అద్దం ముక్కలు తనే పట్టి పాపాల డబ్బాలో వేసింది. గంట అయ్యాక గ్లౌజులు తీస్తూ, గొలుసు కట్టిన కుప్ప వైపు చూసింది.

"మరి అది ఎందుకమ్మా?"

"అది సార్ల పనండీ. మా పని ఇది" అంది పెంకమ్మ.

ఇంజనీరమ్మ నవ్వలేదు. పుస్తకం తెరిచి, వచ్చేటప్పుడు శిఖరం కొలతలు రాసుకున్న పేజీ అడ్డంగా కొట్టేసింది. తర్వాతి పేజీ తిప్పి, బెల్టు ఎంత పొడవో అడిగింది.